గీటు పడిన రికార్డు

మా యింటి ఇనుప బీరువాలో, మా అమ్మ పట్టుచీర మడతకు క్రింద, అడుగు పొడవు, అడుగు వెడల్పు గల అట్టసంచి యొకటి చాల యేండ్లు ఉండెను. దాని ముఖముమీద పేరు లేదు. నలుగురు మనుష్యులు ఒకరివెనుక నొకరుగా వీథి దాటుచున్న ఛాయాచిత్రము మాత్రము కలదు. ముందు నడచువాడు తెల్లని దుస్తులు ధరించినాడు, రెండవవాడు నల్లనివి, మూడవవాని కాళ్లకు చెప్పులు లేవు, నాలుగవవాడు ముతక నీలిగుడ్డ తొడిగినాడు. నా చిన్ననాడు మా వీథిలోని ముసలమ్మ యొకతె ఈ బొమ్మను చూచి, "ఎవరిదో సావు మాదిరుండాదే, పాపం, ఒకడు చెప్పులుగూడ యేసుకోలేదు" అని జాలిపడినది. మేము నవ్వితిమి. 1969లో ఆ బొమ్మ వెలువడిన కొలది వారములకే అమెరికాలో అనేకులు సరిగా ఆమెవలెనే తలచి, ఆ చెప్పులు లేనివాడు మరణించినాడనియు, అది శవయాత్ర యనియు వదంతి పుట్టించిరని తరువాత చాల కాలమునకు చదివితిని. ముసలమ్మ బ్రదికియున్నచో క్షమాపణ చెప్పుకొని యుందును.

ఆ సంచిలోనిది బీటిల్స్ అను ఇంగ్లండు దేశపు గాయకుల "అబ్బీ రోడ్" అను రికార్డు. 1969 సెప్టెంబరు 26వ తేదీన ఆ దేశమున విడుదలయ్యెను. మా ప్రతి కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లోని గ్రామఫోను కంపెనీ కర్మాగారములో అచ్చయినది. నడుమనున్న కాగితపు బిళ్లమీద ఒక ప్రక్క ఆకుపచ్చని నిండు సీమరేగుపండు, అనగా ఆపిలు పండు, రెండవ ప్రక్క అదే పండును నడిమికి కోసిన ముక్క అచ్చువేయబడి యున్నవి. మాకు ఇంగ్లీషు అంతగా రాని దినములలో "నిండు వైపు", "కోసిన వైపు" అని వాటిని గుర్తించెడివారము. ఇప్పటికిని నా నోట ఆ మాటలే వచ్చును.

ఈ పత్రికను చదువు బాలబాలికలలో పలువురు రికార్డును చూచి యుండరు. రికార్డునకు ఒక్కొక్క ప్రక్కను ఉన్నది ఒకే ఒక గాడి. అది అంచునుండి నడుమకు చుట్టలు చుట్టుకొని పోవును. గాడి గోడలయందలి మిట్టపల్లములు సూదిని కదలించును. ఆ కదలికయే పాట. నిమిషమునకు 33⅓ చుట్ల వేగమున తిరుగును గావున ఒక చుట్టునకు సరిగా 1.8 సెకండ్లు పట్టును. ఈ లెక్కతో తరువాత పని యున్నది.

అది మా చేతికి వచ్చిన విధము చెప్పెదను. మా నాయన కోలారు బంగారు గనులలో ఛాంపియన్ రీఫ్ గనియందు పనిచేసెడివాడు. ఆయన తండ్రి చిత్తూరు ప్రాంతమునుండి వచ్చి ఆ గనిలోనే దిగినవాడు. గని యిండ్ల వరుసలను లైన్లందురు. మా లైనులో గోడ మారిన భాష మారును. ఇంట తెలుగు, కుళాయి దగ్గర తమిళము, కచ్చేరిలో కన్నడము, పైని బంగళాలలో ఇంగ్లీషు. నేనును మా అన్నయు తెలుగు బడిలోనే చదివితిమి. అన్న నాకంటె ఐదేండ్లు పెద్దవాడు. బడి ముగిసిన వెంటనే గనిలో మనుష్యులను దింపి యెత్తు ఇంజను ఇంటిలో సహాయకుడుగా చేరినాడు. అచ్చటి ఇంజను డ్రైవరు ఆంగ్లో ఇండియన్ పెద్దమనిషి. 1972లో ఆయన కుటుంబముతో ఆస్ట్రేలియాకు వలస పోవుచు ఇంటి సామానంతయు అమ్మివేసెను. చిన్న పెట్టెవంటి రికార్డు ప్లేయరును అన్న వాయిదాలపై కొనెను. ఈ రికార్డును మాత్రము ఆయన ఊరకనే ఇచ్చి, ఓడలో వేసికొనిపోయిన ఎండకు వంగిపోవునని చెప్పినాడట. ఆ మాట నిజమో, చేతికి కొంచెము బరువు తగ్గించుకొన్నాడో గాని, అన్న దానిని ఎండ తగులకుండ చొక్కాలో దాచుకొని ఇంటికి తెచ్చెను.

మొదటి రాత్రి మేము నిండు వైపు పెట్టితిమి. చివరి పాట ఏడు నిమిషములకు పైబడి సాగును. ఒకే వరుస మరల మరల వచ్చుచు, దానివెనుక గాలివాన వంటి హోరు లేచి లేచి పెరుగుచుండగా, ఉన్నట్లుండి కత్తితో కోసినట్లు నిలిచిపోయెను. కరెంటు పోయినదని అన్న లేచి దీపము చూచెను. దీపము వెలుగుచునే యున్నది. మా గనులకు 1902లోనే శివనసముద్రమునుండి విద్యుత్తు వచ్చినది. కరెంటు విషయమున మాకు కొంత గర్వము కలదు. యంత్రము చెడినదా, రికార్డు తప్పుదా యని రెండు దినములు దిగులుపడి, తుదకు అన్న ఆ డ్రైవరుగారినే అడిగినాడు. ఆయన ప్రయాణపు పెట్టెలమీద కూర్చుండి కడుపుబ్బ నవ్వెనట. ఆ పాట వ్రాసిన జాన్ లెనన్ టేపును అక్కడనే కోయుమని చెప్పి కోయించినాడు, అది అంతే.

పాటల మాటలు మాకు అర్థమయ్యెడివి కావు. అన్న ఒక నోటుపుస్తకము కుట్టి, వినబడినది వినబడినట్లు తెలుగు లిపిలో వ్రాసెడివాడు. నేను సూదిని వెనుకకు తీసి పెట్టుచుందును, అతడు వ్రాయుచుండును. తెలుగు లిపికి పట్టని ధ్వని లేదని మా పంతులుగారు చెప్పెడివారు. నిజమే కాని, పట్టిన ధ్వని ఏ మాటదో లిపికి తెలియదు గదా! మేము వ్రాసికొన్నదానిలో సగము ఏ భాషకును చెందినది కాదు. అయినను దానినే కంఠస్థము చేసి గట్టిగా పాడెడివారము.

కోసిన వైపున మొదటి పాట జార్జి హారిసన్‌ది. సూర్యుడు వచ్చుచున్నాడని దాని భావము. 1969 వసంతమున ఒకనాడు కంపెనీ లెక్కల సమావేశమునకు పోవుట కిష్టము లేక, మిత్రుడైన ఎరిక్ క్లాప్టన్ ఇంటికి పోయి, అతని తోటలో తిరుగుచు ఆ పాట కట్టినాడు. బడి ఎగగొట్టి మామిడితోపునకు పోవుట ఎట్టిదో ఎఱిగినవారికి ఆ పాట వేరుగా చెప్పనక్కరలేదు. మా నాయనకు ఈ సంగీతము గిట్టదు. ఆయన భజనమందిరములో మృదంగము వాయించు మనిషి. ఒకనాటి సాయంకాలము పనినుండి వచ్చి గడపమీద కూర్చుండి యుండగా ఈ పాట సాగుచుండెను. నడుమ ఒకచోట తాళము నాలుగు విడిచి, మూడేసి మాత్రల గుంపులుగా విరుగును. లెక్కించువారు అచ్చట పదునొకండు, ఎనిమిది, ఏడు మాత్రలని వ్రాయుదురు. మోకాలిమీద తట్టుచున్న నాయన చేయి తప్పి ఆగెను. "మళ్లీ పెట్టు" అనెను. రెండవసారి గూడ తప్పెను. మూడవసారి నోటిలో "తకిట తకిట" అనుకొనుచు సరిగా సమము మీదికి వచ్చి పడెను. "వీనికెవరో మనవాళ్లు చెప్పినారు" అని లోపలికి పోయెను. హారిసన్ 1966 నుండి పండిత రవిశంకర్ దగ్గర సితారు నేర్చినాడను సంగతి నాయనకు తెలియదు; మాకును అప్పుడు తెలియదు.

అప్పుడు తెలియనిది ఇంకను చాల కలదు. మేము విని గంతులు వేసిన ఆ కోసిన వైపు, విడిపోవుచున్నవారి పాట. 1969 జనవరిలో ఆ నలుగురు కెమెరాల ముందు కూర్చుండి రికార్డు చేయబూని, కసరుకొని, పని ప్రక్కన పెట్టివేసిరి. ఆ జనవరి పాటల పూర్తి రికార్డు 1970 మే నెలలో గాని వెలువడలేదు. కంపెనీ వ్యవహారము ఎవరి చేతిలో పెట్టవలెనను విషయమున ముగ్గురొక వైపు, పాల్ మెకార్ట్నీ యొక వైపు నైరి. అట్టి సమయమున మెకార్ట్నీ తమ పూర్వపు నిర్మాత జార్జి మార్టిన్‌ను మరియొక రికార్డు చేయింపుమని అడిగెను. మునుపటివలె పనిచేయుదురేని వచ్చెదనని ఆయన యనెను. ఆ వేసవిలో లండనులోని ఆ వీథి స్టూడియోలో వారు మునుపటివలెనే పనిచేసిరి. నలుగురును కలిసి ఆ స్టూడియోలో నుండిన కడపటి దినము ఆగస్టు 20. సెప్టెంబరు 20న లెనన్ తాను విడిపోవుచున్నానని మిగిలినవారితో చెప్పివేసెను. ఆరు దినములకు రికార్డు విడుదలయ్యెను.

ముఖచిత్రపు సంగతి యొకటి చెప్పక విడువలేను. ఇంజనీరొకడు త్రాగు సిగరెట్టు పేరునుబట్టి దీనికి మొదట "ఎవరెస్టు" అని పేరు పెట్టవలెనను తలంపు కలిగినది. హిమాలయములకు పోయి బొమ్మ తీయించుకొందమను మాటయు వచ్చినది. 1968లో ఋషీకేశము దాక వచ్చినవారే గాని, ఈసారి అంత దూరము కలిసి పోవుట కెవరికిని ఓపిక లేకపోయెను. ఆగస్టు 8న స్టూడియో గుమ్మము దాటి, పోలీసు ఒకడు బండ్లను నిలిపియుండగా వీథి నిటునటు నడచిరి. నిచ్చెన యెక్కి నిలుచున్న ఛాయాచిత్రకారుడు ఆరు చిత్రములు తీసెను. పని పది నిమిషములలో ముగిసెను.

ఆ వైపున మెకార్ట్నీ వ్రాసిన పాట యొకటి డబ్బు తగవును గూర్చినది. దానితో మొదలై చిన్న చిన్న పాటలు, కొన్ని నిమిషమును కొంచెము మాత్రమే దాటునవి, ఒకదాని కొంగు ఒకదానికి ముడివేసినట్లు పదునారు నిమిషములు సాగును. వాటిలో ఒకటి జోలపాట. మెకార్ట్నీ తన తండ్రి యింటి పియానోమీద పాత పాటల పుస్తకములో పదునేడవ శతాబ్దపు కవి థామస్ డెక్కర్ జోలను చూచి, స్వరలిపి చదువ రానివాడగుటచే తానే క్రొత్త వరుస కట్టినాడు. జోల ముగియగానే భారము మోయుటను గూర్చిన పల్లవి వచ్చును. దానిని నలుగురును గొంతు కలిపి పాడుదురు. కొలది నిమిషముల క్రిందటి డబ్బు తగవు పాట వరుసయే దాని నడుమ మరల వినవచ్చును. ఆ వెనుక రింగో స్టార్ ఒంటరిగా డోళ్లు వాయించును. తక్కిన ముగ్గురు వంతులవారీగా గిటారు మీటుదురు, ఒకరు విడిచినచోట నొకరు అందుకొనుచు. ముగ్గురివి మూడు చేతులని చెవికి తెలియుచునే యుండును.

ఆ జోలపాటమీదనే గీటు పడినది.

ఒక వానాకాలపు రాత్రి నాయన రాత్రి పాళీలో గనిలోపల నుండెను. ఛాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్లకు మించిన లోతు. అంత లోతున రాతిమీద పడు ఒత్తిడికి ఒక్కొక్కప్పుడు గోడలు తామే పేలిపోవును. దానిని రాక్‌బర్స్ట్ అందురు; పైన ఇండ్లు గూడ అదరును. ఆ రాత్రి మేమిద్దరము జోల వినుచుండగా నేల ఒక్కసారి ఎగిరినట్లయ్యెను. గూటిలోని గిన్నెలు క్రిందపడినవి. సూది గాడి తప్పి రికార్డుమీద అడ్డముగా ఈడ్చుకొనిపోయెను. అన్న ఉన్నవాడున్నట్లే గని బావి వైపు పరుగెత్తెను. లైనులోని ప్రతి ఇంటి తలుపును తెరచుకొనెను. అమ్మ వాకిట నిలుచుండెను. యంత్రమును ఆపవలెనని నాకు తోచలేదు. అది తెల్లవారుదాక తిరుగుచునే యుండెను.

తెల్లవారిన పిమ్మట నాయన వచ్చెను. పక్క లైనులో ఒక ఇంటికి మాత్రము ఎవరును రాలేదు. ఆ యింటి పిల్లవాడు నా తరగతివాడు. నెల తిరుగకమునుపే వారు ఇల్లు ఖాళీచేసి చిత్తూరు వైపు వెళ్లిపోయిరి. ఆ బల్లమీద అతని చోట ఏడాది చివరిదాక ఎవరును కూర్చుండలేదు.

అప్పటినుండి జోలపాటలో టిక్కుమను శబ్దము వినవచ్చును. చుట్టునకొకసారి, 1.8 సెకండ్లకొక టిక్కు, ఇరువది ముప్పది చుట్లదాక. నాయన ఆ శబ్దము వినబడగానే ఏదో పని యున్నట్లు లేచి బయటికి పోయెడివాడు. అన్న మాత్రము సూదిని దాటించి పెట్టనిచ్చెడివాడు కాడు. "దాన్నిగూడ యినాల" అనెడివాడు.

ఇక నా విషయము చెప్పవలెను. నేను చదివి బెంగుళూరులో ఉపాధ్యాయుడనైతిని. అన్న గనిలోనే యుండెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. వేలమందితోపాటు అన్న పని పోయెను. నాయన అప్పటికి లేడు. ఆయన రాబర్ట్‌సన్‌పేటలో కొనిన ఇంటి స్థలము ఒకటి యున్నది. నేను అప్పుడు బెంగుళూరులో ఇల్లు కట్టుచుంటిని. నా భాగము నాకు పంచి యిమ్మని, అన్న పని పోయిన ఆ యేటనే అడిగితిని. అడుగుటకు నాకు హక్కున్నది. ఆ సమయము మాత్రము లేదు. అన్న మారుమాటాడక స్థలమమ్మి, సగము పైకము నా చేతిలో పెట్టి, "లెక్క చూసుకోండి" అనెను.

చూసుకోండి! పుట్టినది మొదలు "రా" అని పిలిచిన నోరు. ఆనాటినుండి పెండ్లిండ్లలోను, అమ్మ పోయిన దినములలోను గూడ నన్ను మీరు అనియే పిలిచెను. తిట్టినచో బదులు చెప్పుకొందును. మీరు అనినచో ఏమి చెప్పుకొందును? అమ్మ సామాను పంచుకొన్నప్పుడు చీర నాకు వచ్చెను. యంత్రము తాను కొనినది గనుక అన్న ఉంచుకొనెను. రికార్డును చూపి, "ఇది మీకిష్టం కదా, తీసుకుపొండి" అనెను. ఆ విధముగా పాట నా బీరువాలోను, పాడు పెట్టె ఆయన యింటిలోను చేరినవి.

2019లో ఆ రికార్డునకు ఏబది యేండ్లు నిండిన సందర్భమున జార్జి మార్టిన్ కుమారుడు గైల్స్ మార్టిన్ పాత టేపులనుండి దానిని క్రొత్తగా కూర్చి విడుదల చేసెను. మా అబ్బాయి దానిని ఫోనులో పెట్టి నా చెవులకు తగిలించెను. కడిగిన అద్దమువలె నున్నది. మా ఒంటి స్పీకరు పెట్టెలో ఎన్నడును వినబడని చిన్న ధ్వనులెన్నో కుడి యెడమల వినబడినవి. జోలపాట వచ్చెను. నా వ్రేలు నేనెరుగకయే 1.8 సెకండ్లను లెక్కించుచుండెను. టిక్కు రాలేదు. పాట అంతయు అయిపోయెను, రాలేదు. అబ్బాయి, "బాగా లేదా నాన్నా?" అనెను. బాగున్నది. ఆ రాత్రి మాత్రము అందులో లేదు.

ఆ వెనుక కూడ నాకు ధైర్యము వచ్చుటకు ఏండ్లు పట్టినవి. గడచిన ఉగాదికి ముందు బెంగుళూరు ఎస్.పి. రోడ్డులో అంగడి అంగడి తిరిగి, ఆ పాత యంత్రమునకు సరిపడు సూది నొకదానిని సంపాదించితిని. క్షమించుమని అడుగుటకు మాటలు కూడలేదు. సూది తెచ్చితినని చెప్పుట తేలిక. రికార్డును చేతిసంచిలో పెట్టుకొని బంగారుపేటలో బండి మారి మారికుప్పము చేరితిని. సైనైడు మట్టిగుట్టలు మునుపటివలెనే తెల్లగా నున్నవి. బావులమీది ఇనుప చట్రములు నిలిచియున్నవి, చక్రములు తిరుగుట లేదు.

వదిన తలుపు తీసి, "రా మరిదీ" అని లోపలికి పిలిచెను. అన్న కుర్చీనుండి లేచి, "కూర్చోండి" అనెను. నేను సూది తీసి బల్లమీద పెట్టితిని. ఆయన దానిని వెలుతురునకు పట్టి చాలసేపు చూచెను. తరువాత లోపలికి పోయి యంత్రమును తెచ్చెను. దుమ్ము లేదు. లోని రబ్బరు చక్రము ఎప్పుడో చీలిపోగా, గని ఇంజనులను బాగుచేసిన ఆ చేతులే వేరొక రబ్బరు కోసి అమర్చినవి. యంత్రముతోపాటు నోటుపుస్తకమును తెచ్చెను. కాగితములు పసుపెక్కినవి. అన్న వ్రాత నడుమ అక్కడక్కడ, అతడు బడలినప్పుడు నేను వ్రాసిన వంకర అక్షరములు.

కోసిన వైపే పెట్టితిమి. సూర్యుని పాటలో తాళము విరుగుచోట అన్న మోకాలిమీద చేయి వేసెను. సరిగా సమము మీదనే పడెను. డబ్బు తగవు పాటకు ఇద్దరము నేల చూచితిమి. దాని అర్థము ఇప్పుడు ఇద్దరికిని తెలియును. జోల మొదలయ్యెను. టిక్కు. మరల టిక్కు. వదిన వంటింటి గుమ్మములోనికి వచ్చి నిలుచుండెను. అన్న పెదవులు కదలుచుండెను, పాట పాడుచున్నాడనుకొంటిని. కాదు, చుట్లు లెక్కించుచున్నాడు. "ఇరవైయారు" అనెను, టిక్కులు ఆగినప్పుడు. ఇన్నాళ్లు రికార్డు నా దగ్గర నున్నది. లెక్క ఆయన దగ్గర నున్నది.

డోళ్లు, గిటార్లు ముగిసినవి. నిశ్శబ్దము. ఎఱుగనివారు ఇక్కడ సూదిని ఎత్తివేయుదురు. మా యట్టమీద పేరు లేని పాట యొకటి ఆ నిశ్శబ్దమునకు ఆవల నున్నది, ఇరువది మూడు సెకండ్లది. మెకార్ట్నీ దానిని తీసి పారవేయుమనగా, ఏ ముక్కయు పారవేయరాదని నేర్పబడిన యొక చిన్న ఇంజనీరు టేపు చివర అతికించి పెట్టినాడు. అది అట్లే నిలిచిపోయినది. నోటుపుస్తకపు కడపటి పుటలో దానికి అన్న పెట్టిన శీర్షిక "పేరు తెలియదు" అని. అది వచ్చెను, చివరి స్వరము లేకయే ఆగెను. సూది లోపలి గాడిలో ఊరక తిరుగుచుండెను. ఇద్దరిలో ఎవరును చేయి చాపలేదు.

"అన్నానికి రాండి, ఆ పెట్టె మల్లా పెట్టుకోవచ్చు" అని వదిన పిలిచెను.

అన్న నోటుపుస్తకమును మొదటి పుటకు త్రిప్పి, కండ్లద్దాలు సవరించుకొని, "ఇంకో వైపు ఉండాది గదా, తిప్పురా" అనెను.

నేను లేచి నిండు వైపు పెట్టితిని.